జీవవృక్షం కింద చెయ్యి

“మా ఆవిడ కుట్టేస్తుంది లెండి.”

ఈ మాట మా ఆయన అన్నప్పుడు నేను అక్కడ లేను. అంటే, ఉన్నాను గానీ లెక్కలో లేను. చర్చి వెనక వంటగదిలో సంఘపెద్దలు తాగిన టీ కప్పులు కడుగుతున్నాను. కిటికీకి అటువైపు మీటింగు జరుగుతోంది. ప్రసంగ వేదిక వెనక గోడకి పట్టిన చెమ్మ గురించి గంటసేపటి నుంచి మాట్లాడుకుంటున్నారు. ఎన్నిసార్లు రంగు వేసినా ఆ మరక మళ్ళీ పైకి తేలుతోంది. పాస్టరుగారు చేతులెత్తి ప్రార్థన చేస్తుంటే ఆయన వెనక మరక కూడా చేతులెత్తినట్టు ఉంటుందని పిల్లలు నవ్వుకుంటున్నారట. గోడ బాగుచేయించడం ఇప్పట్లో అయ్యేది కాదని తేలాక ఎవరికో ఉపాయం తట్టింది. మరక కనబడకుండా పెద్ద తెర వేలాడదీస్తే సరిపోతుంది. ఉత్త తెర ఎందుకు, దాని మీద జీవవృక్షం ఉంటే బాగుంటుంది. ప్రతి ఇంటి నుంచీ ఇంటిపెద్ద చొక్కాలోంచి ఒక గుడ్డముక్క తెచ్చి ఒక్కో ఆకు చేస్తే ఇంకా బాగుంటుంది. ఇలా ఒకరి మాట మీద ఒకరు కలుపుకుంటూ పోయి, “మరి కుట్టేదెవరు?” అన్న దగ్గర అందరూ ఆగిపోయారు. అప్పుడు వినిపించింది మా ఆయన గొంతు. అడిగినవాళ్ళకి కాస్త ఉప్పు పెట్టి పంపినంత తేలిగ్గా అన్నారు.

పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. పాటల బృందానికి తెల్లగౌన్లు, మా ఆడపడుచు కొత్తింటికి కర్టెన్లు, ఆయన మేనేజరుగారి కూతురికి స్కూలు నాటకంలో దేవదూత రెక్కలు, అన్నీ ఆ ఒక్క మాటతోనే నా ఒళ్ళో వచ్చి పడ్డాయి. వచ్చిన మంచిపేరు ఆయనది, పీకిన నడుం నాది. ఆ రోజు ఇంటికి వచ్చే దారిలో “నన్నొక మాట అడగొచ్చు కదండీ” అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “అడిగేదేముంది, నువ్వు కాదంటావా ఏంటి?” అన్నారు. అందులో వెటకారం లేదు. అదే నా బాధ. వెటకారమైతే తిట్టి ఊరుకునేదాన్ని.

నా ఉద్యోగం కూడా కుట్టడమే. ఊళ్ళో పెద్దాసుపత్రి కింది అంతస్తులో, లాండ్రీ పక్కన, దుప్పట్ల గది ఉంది. ఉతికి వచ్చిన దుప్పట్లూ రోగుల గౌన్లూ దీపానికి అడ్డం పట్టి చిరుగులు వెతుకుతాం. పనికొచ్చేవాటికి మాసికలు వేస్తాం, పనికిరానివాటిని చింపి గుడ్డపీలికలు చేస్తాం. రోజుకి ఎనిమిది గంటలు. నా కుడిచేతి చిటికెన వేలు పక్కకి వంగి ఉంటుంది. మూడేళ్ళ కిందట దుప్పట్ల బండి మీద పడి విరిగితే, కట్టు కట్టించుకుని మర్నాడే పనికి వెళ్ళాను. ఆసుపత్రిలో పనిచేస్తూ వేలు సరిగ్గా అతకలేదంటే ఎవరైనా నవ్వుతారు. మా సూపర్‌వైజరు నవ్వాడు కూడా. “కుట్టడానికి చిటికెన వేలితో పనేముందమ్మా” అన్నాడు. ఆ మాట అన్నవాడే మధ్యాహ్నం భోజనాల వేళ తన ఇంటి దిండుగలీబుల సంచీ తెచ్చి నా మిషను మీద పెట్టి, “ఓ చెయ్యి వెయ్యి” అంటాడు. అందరికీ నా చెయ్యే కావాలి. చెయ్యి వెనక ఉన్న మనిషితో ఎవరికీ పని లేదు.

తెర పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. మా ఇంట్లో అంత నేల ఎక్కడుంది? భోజనాల బల్ల మీద సగం పరిచి, మిగతా సగం చుట్టచుట్టి కుర్చీ మీద పెట్టేదాన్ని. భోజనం వేళకి మడతపెట్టి తియ్యాలి, తర్వాత మళ్ళీ పరచాలి. మా ఆయన అన్నంలో దారప్పోగు కనబడితే పెళ్ళికి ముందు ఇల్లు ఎంత శుభ్రంగా ఉండేదో గుర్తుచేసుకునేవారు. “ఇల్లా, దర్జీ కొట్టా?” అనేవారు. ఈ కొట్టు పెట్టించింది ఎవరో ఆయనకి గుర్తుండేది కాదు.

ఇంత చెప్పినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ చెట్టంటే నాకు ఇష్టం పుట్టింది. ఆకుల కోసం గుడ్డముక్కలు తెచ్చింది మగవాళ్ళు కాదు, ఆడవాళ్ళే. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి నా చేతిలో పెట్టేవారు. పెట్టి ఊరికే వెళ్ళేవారు కాదు. ఒకావిడ పసిబిడ్డ గౌను అంచు తెచ్చింది. ఆ బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. “పై కొమ్మకి వద్దు, నాకు అందేంత కిందకి పెట్టు” అంది. కూరగాయల బండి తోసే ఆవిడ తను నడుముకి కట్టుకునే గుడ్డ చింపి ఇచ్చింది. ఆవిడ భర్త వదిలేసి వెళ్ళి పన్నెండేళ్ళయింది. “మా ఇంటి పెద్ద చొక్కా తెమ్మన్నారు. మా ఇంటికి పెద్దని నేనే” అని, తనే పడీపడీ నవ్వింది. బైబిలు చివర్లో, నది ఒడ్డున మళ్ళీ కనిపించే జీవవృక్షానికి నెలనెలా కాపు ఉంటుందని, దాని ఆకులు జనాల్ని బాగుచేయడానికని రాసి ఉంది. పండు తినడానికైతే ఆకు వైద్యానికన్నమాట. రోజంతా రోగుల గౌన్లకి మాసికలు వేసేదాన్ని కదా, ఆ ఆకుల సంగతి నా మనసుకి పట్టింది. అరవైరెండు ఆకులు కుట్టాను. ఒక్కటీ మిషను మీద కుట్టలేదు.

చెట్టు సగానికి వచ్చాక డ్రాయింగు మాస్టారు ఇంటికి వచ్చారు. ఆయన బళ్ళో బొమ్మలు నేర్పి రిటైరయిన మనిషి, సంఘపెద్దల్లో అందరికన్నా పెద్ద. తెర నమూనా గీసింది ఆయనే. ఇప్పుడు ఇంకో కాగితం తెచ్చారు. చెట్టు మొదట్లో చుట్టుకున్న పాము, దాని పక్కన ఒక ఆడమనిషి, పైకి చాపిన చెయ్యి, ఆ చేతికి అందేంత దగ్గర్లో ఎర్రటి పండు.

“చెట్టు ఒక్కటే ఉంటే పాఠం ఏముందమ్మా? హవ్వని పెడితే చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.”

“మాస్టారూ, ఇది జీవవృక్షం కదండీ” అన్నాను. “ఆవిడ తిన్నది ఈ చెట్టు పండు కాదు. తోటలో రెండు చెట్లున్నాయి. ఆవిడ తిన్నది మంచీ చెడూ తెలిపే చెట్టుది. జీవవృక్షాన్ని ఆవిడ ముట్టుకోను కూడా లేదు.”

మాస్టారు నా వైపు చూడలేదు. మా ఆయన వైపు చూశారు. ఇంట్లో గోడగడియారం మాట్లాడితే యజమాని వైపు చూస్తామే, అలాగ.

“అంత లోతుకి వెళ్ళకు” అన్నారు మా ఆయన. “అంత ఎత్తున వేలాడదీస్తే ఏ చెట్టో ఎవరికి తెలుస్తుంది?”

మాస్టారు మాత్రం ఓపిగ్గా, బళ్ళో మొద్దు పిల్లకి చెప్పినట్టు చెప్పారు. “నువ్వు కుట్టు సంగతి చూసుకో తల్లీ. అర్థం సంగతి మేం చూసుకుంటాం.”

ఆ ఏడాది మా ఆయన్ని సంఘపెద్దల్లో చేర్చుకుంటారని అనుకుంటున్నారు. సంఘ కార్యదర్శిగా ఆరేళ్ళ నుంచి చేస్తున్నారు, ఇక అదొక్కటే మిగిలింది. మాస్టారు ఒక్క మాట అంటే అయిపోతుంది. నాకు తెలుసు. అందుకే నోరు మూసుకుని కాగితం తీసుకున్నాను. ఆ నోరు మూసుకోవడం గురించి ఇప్పటికీ నా మీద నాకు కోపం.

ఆడమనిషిని కుట్టడానికి చెయ్యి కొలత కావాలి. మాస్టారు గీసిన చెయ్యి పువ్వురేకులా ఉంది, గుడ్డలో కత్తిరిస్తే నిలవదు. పాత వార్తాపత్రిక పరిచి, నా కుడిచెయ్యి దాని మీద పెట్టి, ఎడంచేత్తో పెన్సిలు పట్టుకుని చుట్టూ గీశాను. ఇంట్లో ఆ సమయానికి ఖాళీగా ఉన్న చెయ్యి అదొక్కటే. చిటికెన వేలు పక్కకి వంగే వచ్చింది. సరిచేద్దామనుకున్నాను, పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచిపోయాను. మళ్ళీ ఆ సంగతి గుర్తులేదు.

ఆ రోజుల్లో మా అత్తగారు బల్ల పక్కనే కూర్చుని ఉండేది. ఆవిడకి చూపు మందగించి మూడేళ్ళయింది. వేళ్ళతో గుడ్డని తడిమి, “ఇప్పుడు ఏం కుడుతున్నావు?” అని అడిగింది. చెప్పాను. ఆవిడ నిట్టూర్చి, తన వాడుక మాట అంది. “ఆ రోజు ఆ ఆడది చెయ్యి చాపకపోతే మనకీ తిప్పలుండేవా?” మోకాళ్ళు నొప్పెట్టినా, బిందె జారినా, నా కూతురికి ముందుముందు రాబోయే బహిష్టు కడుపునొప్పిని తలచుకున్నా, ఆవిడకి అదే మాట. నా పురిటిగదిలో, నేను మంచం కమ్మి పట్టుకుని అరుస్తున్నప్పుడు కూడా అదే అంది. ఎవరో చేసినదానికి నేను వాయిదాలు కడుతున్నట్టు అనిపించింది అప్పుడు.

ఆడమనిషి పూర్తయిన మర్నాడు సాయంత్రం మాస్టారూ, పాస్టరుగారూ చూడ్డానికి వచ్చారు. తెరని నేల మీద, మంచం కింద దాకా పరిచి చూపించాను. మా అమ్మాయి చిట్టి హోంవర్కు వదిలేసి వచ్చి నిలబడింది. దానికి తొమ్మిదేళ్ళు. పాస్టరుగారు ఆకులు చూసి మెచ్చుకున్నారు. మాస్టారు మోకాళ్ళ మీద వంగి, తను గీసిన ఆడమనిషిని చూసుకున్నారు.

“చెయ్యి భలే కుదిరింది” అన్నారు. “అచ్చం దొంగ చెయ్యి. ఆ వంకర వేలు చూడండి, దానిలోనే బుద్ధి కనిపిస్తోంది.”

మా ఆయన నవ్వారు. పాస్టరుగారు కూడా కొంచెం నవ్వారు.

“అది అమ్మ చెయ్యి” అంది చిట్టి.

అది వంగి, గుడ్డలోని చిటికెన వేలి మీద తన వేలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని పక్కన పెట్టి చూపించింది. సరిగ్గా సరిపోయింది. “చూడండి, వంకర ఇక్కడే ఉంది. బండి పడింది కదా.” తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగి, “అయితే ఆ తప్పు చేసింది అమ్మేనా నాన్నా?” అని అడిగింది.

ఒక్క మాట చాలు. కాదమ్మా, మీ అమ్మ కొలత కోసం పెట్టింది, అంటే అయిపోయేది. మా ఆయన మాస్టారి మొహం చూశారు. మాస్టారు నవ్వుతున్నారు. అందుకని ఆయన కూడా నవ్వి, “అందరి అమ్మలూ అంతేనే” అన్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. అరిచేతులు, వెనకవైపు, మళ్ళీ అరిచేతులు. తర్వాత వాటిని గౌను జేబుల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ బొమ్మ ఇకనుంచి ప్రతి ఆదివారం దాని కళ్ళెదుట వేలాడుతుంది. పాటలు పాడుతూ, కళ్ళు మూసి తెరుస్తూ, పెరిగి పెద్దయ్యేదాకా చూస్తుంది. నా చేత్తో నా చేతినే దొంగ చెయ్యిగా కుట్టి నా కూతురికి చూపించబోతున్నాను. వాళ్ళకి టీ పెట్టి ఇచ్చాను. అది కూడా చేశాను.

మర్నాడు ఆసుపత్రి నుంచి వచ్చాక, వంట మొదలుపెట్టకుండా, అత్తగారి దగ్గర కూర్చుని బైబిలు తెరిచాను. చూపు మందగించి ఇల్లు కదలడం తగ్గినప్పటి నుంచి రోజూ సాయంత్రం నేనే చదివి వినిపిస్తాను. ఆవిడకి చదవడం రాదు, చూపున్నప్పుడూ రాదు. ఎనిమిదో ఏట నుంచి వినడమే. విన్నది మాత్రం మర్చిపోదు. కీర్తనలు చదువుతాననుకుంది. నేను మొదటి పేజీల్లోని తోట కథ తీశాను.

“అది నాకు తెలిసిందేగా అమ్మాయ్” అంది.

“తెలిసిందే మళ్ళీ వినండి అత్తయ్యా.”

నెమ్మదిగా చదివాను. దేవుడు మగమనిషిని తోటలో పెట్టాడు. ఏ చెట్టు పండయినా తిను, ఆ ఒక్క చెట్టుది తినకు, అని చెప్పాడు. తర్వాత, వీడు ఒంటరిగా ఉండటం మంచిది కాదనుకున్నాడు. జంతువుల్ని తెచ్చాడు, పేర్లు పెట్టించాడు. అవేవీ తోడు కాలేదు. అప్పుడు నిద్రపుచ్చి, పక్కటెముక తీసి...

“ఆగు” అంది అత్తగారు. “చెట్టు సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల లేదా?”

“లేదు అత్తయ్యా. ఇంకా పుట్టనే లేదు.”

“మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాను. ఆవిడ చెవి నా వైపు తిప్పి, పెదాలు కదుపుతూ విన్నది.

“మరి ఆ పిల్లకి చెప్పిందెవరు?”

“రాయలేదు.”

పాము దగ్గరికి వచ్చాం. పాము అడుగుతుంది. ఆ ఆడమనిషి జవాబు చెబుతుంది. ఆ చెట్టు పండు తినకూడదు, ముట్టుకోనూ కూడదు, చచ్చిపోతాం, అని. అత్తగారు చెయ్యెత్తింది.

“ముట్టుకోవద్దని కూడా అన్నాడా దేవుడు?”

“అనలేదు. తినొద్దన్నాడంతే.”

“అయితే అది మొగుడు కలిపాడు” అంది ఆవిడ, కళ్ళారా చూసినట్టు. “మీ మామయ్యగారూ ఇంతే. పెళ్ళయిన కొత్తలో మా అత్త, చీకటి పడ్డాక మూలగదిలోకి వెళ్ళొద్దందట. ఈయన నా దగ్గరికొచ్చి ఆ గది తలుపే తియ్యొద్దంది అని చెప్పాడు. పదేళ్ళు తియ్యలేదు. లోపల ఏముందో అని రోజూ భయం. మా అత్త పోయాక తీశాను. ఏముంది? విరిగిన కుర్చీలు రెండు, చంకకర్ర ఒకటి.”

ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. నవ్వు ఆగాక మిగతాది చదివాను. దేవుడు తోటలోకి వస్తాడు. మగమనిషిని పిలుస్తాడు. తిన్నావా అని అడుగుతాడు. నువ్వు నాకిచ్చిన ఆడదే ఇచ్చింది, తిన్నాను, అంటాడు.

“అడిగింది ఎవర్ని?” అంది అత్తగారు.

“ఆయన్నే.”

“చెప్పింది ఎవరి పేరు?”

నేను పుస్తకం మూశాను. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“మావాడు పుట్టేటప్పుడు రెండు రోజులు నొప్పులు పడ్డాను” అంది ఆవిడ. “మా అత్త తలాపున నిలబడి, పడు, ఆ ఆడది చేసినదానికి పడు, అంది. నీ పురిట్లో నేనూ అదే అన్నాను కదూ?”

“అన్నారు.”

“నువ్వేమీ అనలేదేం?”

“నొప్పుల్లో ఉన్నాను అత్తయ్యా.”

ఆవిడ నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. వంకర వేలు ఆవిడ గుప్పిట్లో ఉంది. “డెబ్భై ఏళ్ళుగా వింటున్నాను” అంది. “అందరూ సగం నుంచే మొదలుపెట్టి చెప్పారు నాకు.” బల్ల వైపు చెయ్యి చాపి గుడ్డని తడిమింది. ఆకులు దాటి, మొద్దు దాటి, ఆ ఆడమనిషి దాకా వచ్చింది. “ఈ పిల్ల ముట్టుకున్నది ఈ చెట్టేనా?”

“కాదు. ఇది వేరే.”

“మరెందుకు కుట్టావు?”

కుట్టమన్నారు కాబట్టి. ఆ జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది. గౌన్లు కుట్టమన్నారు కాబట్టి, రెక్కలు కుట్టమన్నారు కాబట్టి, దిండుగలీబులు కుట్టమన్నారు కాబట్టి. తోటలో ఆ మగమనిషి చెప్పిన జవాబుకీ దీనికీ పెద్ద తేడా ఏముంది? ఇచ్చారు, తిన్నాను. చెప్పారు, కుట్టాను. సిగ్గేసింది నాకు.

శనివారం నాకు సగం రోజే డ్యూటీ. మధ్యాహ్నం ఇంటికొచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, ముందు పాముని ఊడదీశాను. తర్వాత పండు. తర్వాత ఆ మనిషి జుట్టు, మొహం, ఒళ్ళు. నేను వేసిన కుట్లు గట్టివి. ఒక్కొక్కటే బ్లేడుతో తెంపుతుంటే అత్తగారు గుడ్డ కదలకుండా పట్టుకుంది, చిట్టి దారాలు ఏరింది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగాను. దాన్ని తీయబుద్ధి కాలేదు. మణికట్టు దగ్గర చిన్న అంచు తిప్పి, చెయ్యి అలాగే ఉంచాను. వేళ్ళ మధ్య బూడిదరంగు దారంతో ఒక సూది కుట్టాను. సూదికి ఎదురుగా ఇంకో ఆకు పెట్టాను. ఆసుపత్రిలో చింపి పారేసిన రోగుల గౌనులోంచి, అడిగి తెచ్చుకున్న ముక్క అది. అరవైమూడో ఆకు. దాన్ని సగమే కుట్టి, సగం వదిలేశాను. ఇప్పుడా చెయ్యి దేన్నీ తెంపడం లేదు. ఆకుని చెట్టుకి కుడుతోంది.

“ఇది నువ్వే” అంది చిట్టి, అడగకుండానే.

“నేనే.”

నేనేమీ దాచలేదు. తెరని శనివారం సాయంత్రమంతా బల్ల మీదే, చెయ్యి ఉన్న వైపు పైకి ఉండేలా వదిలేశాను. మా ఆయన దాని పక్కనే కూర్చుని భోంచేశారు. మంచినీళ్ళ గ్లాసు దాని అంచుకి ఆనించి పెట్టారు. “అయిపోయిందా?” అన్నారు. అయిపోయిందన్నాను. “అమ్మయ్య, ఇల్లు తెరిపిన పడుతుంది” అని, మర్నాటికి తన తెల్లచొక్కా ఇస్త్రీ చేశానో లేదో అడిగారు. తెర వైపు ఒక్కసారైనా చూడలేదు. కింద అంచుకి కుట్టమని ఆయన తెచ్చిన అచ్చు పట్టీ మాత్రం సరిగ్గా ఉందో లేదో వేలితో రాసి చూసుకున్నారు. దాని మీద, కార్యదర్శిగారి సమర్పణ, అని ఉంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పాస్టరుగారు మూడు చెట్ల మీద ప్రసంగించారు. పోగొట్టుకున్న చెట్టు తోటలోది, మన కోసం ప్రభువుని వేలాడదీసిన చెట్టు సిలువ, చివరికి మనకి దక్కబోయేది నది ఒడ్డున జీవవృక్షం. బాగానే చెప్పారు. వింటూ నేను ఇంకో సంగతి ఆలోచిస్తున్నాను. ఆ రెండో చెట్టు కింద ఎవరు నిలబడ్డారు? వెంట తిరిగిన మగవాళ్ళు దాదాపు అందరూ పారిపోయారు. ఆడవాళ్ళు నిలబడ్డారు, చివరిదాకా. ఆ ఆడవాళ్ళని తెర మీద కుట్టమని ఏ మాస్టారూ ఏ కాగితమూ తీసుకురాడు. చెట్టు కింద ఆడది కావాలంటే వాళ్ళకి దొంగతనం చేసే ఆడదే గుర్తొస్తుంది.

మాస్టారు తాడు లాగారు. తెర విచ్చుకుని మరకంతా కప్పేసింది. అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. ఆడవాళ్ళ వైపు నుంచి వేళ్ళు లేచాయి, అదిగో నాది, అదిగో మాది, అని. పసిబిడ్డ గౌను ఇచ్చినావిడ లేచి వెళ్ళి కింది కొమ్మ మీద అరిచెయ్యి ఆనించి నిలబడింది. ఫ్యాను గాలికి సగం కుట్టిన ఆకు లేచి పడుతోంది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చెట్టు మొదట్లోకి చూశారు. చూసి, మా ఆయన దగ్గరికి వెళ్ళారు. గొంతు తగ్గించే మాట్లాడారు గానీ, ముందు వరుసలన్నిటికీ వినిపించింది.

“హవ్వేదయ్యా? పామేది? ఈ చెయ్యొక్కటే ఉందేంటి?”

మా ఆయన అప్పుడు చూశారు తెర వైపు. మొదటిసారి. ఆయన మొహం చొక్కా రంగులోకి వచ్చింది. నా కోసం ఆడవాళ్ళ వరసలన్నీ వెతికి, నేను కనబడ్డాక, చూపు తిప్పుకుని మాస్టారితో నవ్వడానికి ప్రయత్నించారు.

“పొరపాటయ్యుంటుంది మాస్టారూ. మర్చిపోయుంటుంది. వచ్చే ఆదివారానికల్లా మా ఆవిడ కుట్టేస్తుంది లెండి.”

చిట్టి నా పక్కన కూర్చుని ఉంది. దాని చేతులు గౌను జేబుల్లో ఉన్నాయి. అటుపక్క అత్తగారు, కనబడకపోయినా మెడ నిక్కించి వింటోంది. ఆ చర్చిలో పదకొండేళ్ళుగా పాటకీ ప్రార్థనకీ తప్ప నేను లేచి నిలబడింది లేదు. ఇప్పుడు లేచాను.

“పొరపాటు కాదండీ” అన్నాను. “కుట్టింది నేనే, ఊడదీసింది నేనే. మాస్టారూ, ఈ చెట్టుని ఆవిడ ముట్టుకోలేదు. ఆ రోజు మీకు చెప్పాను, మీరు వినలేదు. అది నా చెయ్యి. దాన్ని దొంగ చెయ్యి అన్నారు, నా కూతురి ముందు. ఆ చెయ్యి దొంగది కాదు. అరవైరెండు ఇళ్ళ ఆకులు కుట్టింది. ఆవిణ్ణి నేను మళ్ళీ కుట్టను.”

పాస్టరుగారు ఏదో అనబోయి ఆగారు. మాస్టారు మాత్రం ఆగలేదు. ఈసారి గొంతు తగ్గించలేదు. “అలా సగంలో వదిలేస్తే ఎలాగమ్మా? పెద్దలు తీర్మానించింది. ఎవరో ఒకరు కుట్టాలి కదా.”

చిట్టి జేబుల్లోంచి చేతులు తీసి నా వేలు పట్టుకుంది, వంకర వేలు. నా సంచీలో ఎప్పుడూ ఉండే సూదుల డబ్బా తీసి, మగవాళ్ళ వైపు నడిచి వెళ్ళి, మా ఆయన ఒళ్ళో పెట్టాను.

“ఎంత సేపు పని మాస్టారూ” అన్నాను. “మా ఆయన కుట్టేస్తారు లెండి.”